ఏడు వేలలో వెనక చక్రం: ఒక మౌంటెన్ బైక్ (ఎంటీబీ) కేస్ స్టడీ

జూన్ మొదటి వారం, ఆదివారం సాయంత్రం. షట్టర్ సగం దించేశాను. కారు వెనక రాక్ మీంచి సైకిల్ దించి తోసుకుంటూ వచ్చారు లెక్చరర్ గారు. వెనక చక్రం తిరిగినప్పుడల్లా టైరు ఫ్రేమ్‌కు సర్ర్ సర్ర్ అని రాసుకుంటోంది. చూడకుండానే అర్థమైంది, మళ్లీ స్పోక్ తెగింది.

హైదరాబాద్ తార్నాకలో నాది చిన్న సైకిల్ రిపేరు షాపు. ఈ సైకిల్ నాకు కొత్త కాదు. నా పుస్తకంలో జనవరిలో ఒకసారి, మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఇదే చక్రానికి ఒక్కో స్పోక్ వేసి, బెండు తీసి, ప్రతిసారీ 150 రూపాయలు తీసుకున్నట్టు రాసి ఉంది. అంటే ఇది నాలుగోది. మూడోసారే చెప్పాల్సిన మాట నేను చెప్పలేదు. పని త్వరగా అయిపోతుంది, కస్టమర్ నవ్వుతూ వెళ్తాడు, మనకూ నూటయాభై వస్తాయి. ఆ అలవాటు మంచిది కాదని ఈ కేసు రాస్తూ ముందే ఒప్పుకుంటున్నాను.

సైకిల్ 2019లో కొన్న 27.5 అంగుళాల హార్డ్‌టెయిల్, అంటే వెనక సస్పెన్షన్ లేని రకం. అల్యూమినియం ఫ్రేమ్, 21 గేర్లు, మెకానికల్ డిస్క్ బ్రేకులు. ఆయన బరువు 92 కిలోలు. వీపు మీద బ్యాగులో లాప్‌టాప్, టిఫిన్ డబ్బా, నీళ్లు కలిపి ఇంకో ఆరు కిలోలు. వారంలో నాలుగు రోజులు కాలేజీకి రానూపోనూ 22 కిలోమీటర్లు, నెలకు రెండు ఆదివారాలు అనంతగిరి కొండల్లో తిరుగుడు. మొత్తం నెలకు నాలుగు వందల కిలోమీటర్ల దాకా వస్తుంది.

"రెండు చక్రాలు మార్చేస్తే పీడ పోతది గదా అన్నా. ఏడు వేల దాకా పెడ్తా. అంతకు మించితే ఇంట్ల చెప్పాల్సి వస్తది" అన్నారు.

"ముందు చక్రం ఏం పాపం చేసింది సార్?" అన్నాను. నవ్వి ఊరుకున్నారు. కానీ చక్రాలంటే చెప్పుల జతలాగా రెండూ కలిపి కొనాలి అనే ఆలోచన చాలామందికి ఉంది. ఈ కేసులో మొదటి మూడు వేలు అక్కడే మిగిలాయి.

ఫోన్‌లో మూడు చక్రాలు

ఆయన ఖాళీ చేతులతో రాలేదు, ఫోన్‌లో మూడు బేరాలు దాచుకుని వచ్చారు. టీ తెప్పించి ఒక్కొక్కటీ చూశాం.

మొదటిది సగం ధరకు అమ్మకానికి పెట్టిన మంచి చక్రాల జత, 9,800. సీల్డ్ బేరింగులు, తేలికైన రిమ్ములు. బడ్జెట్ దాటినా ఆయన కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి. వివరాలు చదివితే 29 అంగుళాలు, వెనక 12×148 థ్రూ యాక్సిల్, అంటే ఫ్రేమ్ రంధ్రంలోంచి దూర్చి బిగించే లావు ఇరుసు. ఆ వెడల్పును బూస్ట్ అంటారు. ఈ సైకిల్ వెనక డ్రాపౌట్ల మధ్య, అంటే ఇరుసు కూర్చునే గాళ్ల మధ్య, వెర్నియర్ పెట్టి చూపించాను: 135 మి.మీ. ఆ చక్రం నడిమి బొడ్డు, అంటే హబ్, 13 మి.మీ. ఎక్కువ వెడల్పు. పైగా మన ఫ్రేమ్‌కు ఉన్నది కింద నుంచి తెరుచుకున్న గాడి, ఆ లావు ఇరుసు అందులో కూర్చోదు. రిమ్ సంగతి సరేసరి. 27.5 రిమ్ మీద టైరు కూర్చునే వ్యాసం 584 మి.మీ., 29 అయితే 622. చక్రం చుట్టూ 19 మి.మీ. పెరుగుతుంది, ఫ్రేమ్‌కు తగులుతుంది.

ఈ అంకెల కోసం ఎవరినీ అడగక్కర్లేదు. మీ టైరు పక్కనే చిన్న అక్షరాల్లో 54-584 అనో 57-584 అనో అచ్చు వేసి ఉంటుంది. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ వ్యాసం. 559 ఉంటే అది 26, 622 ఉంటే 29. అంగుళాల పేర్లు మనల్ని మోసం చేస్తాయి, ఈ మూడంకెల సంఖ్య చేయదు.

రెండోది సెకండ్ హ్యాండ్. ఎవరో పాత మంచి సైకిల్ విప్పి అమ్ముతున్నారు, 26 అంగుళాల జత, మూడు వేలు. హబ్బులు నిజంగా బాగున్నాయి. "సైజు తేడా గదా, ఇది కూడా పట్టదు" అన్నారాయన, అప్పటికే నిరాశపడి. పడుతుంది. రిమ్‌ను పట్టే బ్రేకులైతే 26 చక్రం కుదరదు, రబ్బరు రిమ్‌కు అందదు. డిస్క్ బ్రేక్‌కు రిమ్‌తో పనిలేదు, బ్రేకు పట్టే పళ్లెం, అదే రోటర్, హబ్ దగ్గర ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌లో 26 హాయిగా తిరుగుతుంది. చిక్కు ఇంకోచోట ఉంది. రెండు చక్రాలూ చిన్నవైతే సైకిల్ మొత్తం 12.5 మి.మీ. కిందికి దిగుతుంది. రోడ్డు మీద ఎవరికీ తెలీదు. అనంతగిరిలో ఎర్రమట్టి దారిలో పైకి తేలిన రాళ్ల మధ్య పెడల్ తొక్కేటప్పుడు ఆ ఒకటింపావు సెంటీమీటరే రాయికి తగులుతుంది. రోడ్డు మీదే తిరిగే మనిషైతే నేనే కొనిపించేవాణ్ని.

మూడోది ఎక్కువమంది కొనేది: మెషీన్ మీద అల్లిన రెడీమేడ్ 27.5 జత, ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్ (మరతో హబ్బుకు బిగించే గేర్ల గుత్తి) బిగించుకునే హబ్బుతో, 4,200. సైజు సరిపోతుంది, ధర సరిపోతుంది, ఇప్పుడున్న సామానంతా దీనికి ఎక్కుతుంది. అరవై కిలోల పిల్లాడు వస్తే ఇదే తీసుకోమంటాను, కొన్న రోజే నా దగ్గరికో ఇంకొకరి దగ్గరికో తెచ్చి స్పోకులు బిగించుకోమంటాను. ఈయనకు ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే పాత చక్రాన్ని విప్పాలి.

విప్పి చూస్తే

తెగిన స్పోక్ ఎక్కడ తెగిందో చూస్తే సగం కథ తెలుస్తుంది. నడుమ తెగితే చైను జారి అందులో ఇరుక్కుందనో, కర్ర దూరిందనో అర్థం. మర దగ్గర తెగితే స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు, అదే నిపుల్, తుప్పు పట్టి ఉంటుంది, లేదా స్పోక్ వంకరగా లాగుతుంటుంది. హబ్ దగ్గర వంపులో తెగితే అది అలసట. ఈయనవి నాలుగుకు నాలుగూ వంపులోనే, నాలుగూ కుడివైపు, గేర్లున్న వైపు.

బరువు ఎక్కువైతే స్పోక్ లాగబడి తెగుతుందని అందరూ అనుకుంటారు. జరిగేది దాదాపు తలకిందులు. చక్రం నేలను తాకే చోట ఉన్న నాలుగైదు స్పోకుల్లో బిగువు తగ్గుతుంది, చక్రం తిరిగి అవి పైకి వెళ్లగానే మళ్లీ వస్తుంది. మొదటే బిగువు బాగా ఉంటే ఈ తగ్గుదలను స్పోక్ లెక్కచేయదు. వదులుగా ఉంటే కిందికి వచ్చిన ప్రతిసారీ పూర్తిగా సడలి, వంపు దగ్గర కొద్దిగా కదులుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే పని. ఈ సైజు చక్రం కిలోమీటరుకు 460 సార్లు తిరుగుతుంది. నెలకు నాలుగు వందల కిలోమీటర్లంటే లక్షా ఎనభై వేల పైచిలుకు వంపులు.

స్పోకుల బిగువు కొలిచే టెన్షన్ మీటర్ పెట్టాను. కుడివైపు 110 కిలోల దగ్గర ఉండాల్సిన స్పోకులు 58 నుంచి 86 దాకా ఎలా పడితే అలా ఉన్నాయి. నేను కొత్తగా వేసిన మూడూ మాత్రం గట్టిగా ఉన్నాయి, వాటి పక్కవి ఇంకా సడలి ఉన్నాయి. అంటే నా రిపేరు వల్ల చక్రం నిటారుగా కనిపించింది తప్ప రోగం తగ్గలేదు, పక్కింటికి పాకింది.

తర్వాత ఫ్రీవీల్ విప్పాను. ఇక్కడ ఒక మాట. చక్రం మార్చాలనుకున్నప్పుడు కోపంలో ముందు స్పోకులు కత్తిరించేవాళ్లున్నారు. రిమ్ పోయాక ఫ్రీవీల్ విప్పడానికి పట్టు దొరకదు. టూల్‌ను వైస్‌లో బిగించి, రిమ్‌నే స్టీరింగులా పట్టుకుని తిప్పాలి. ఈయన తొక్కుడుకు అది ఎంత బిగుసుకుపోయిందంటే, మా పిల్లాడూ నేనూ చెరో పక్క పట్టుకుని తిప్పాం.

ఇరుసు బయటికి తీసి కౌంటర్ మీద పెట్టాను. నా కౌంటర్ గ్రానైట్ బండ, చదును చూడటానికి దాన్ని మించిన పరికరం నా దగ్గర లేదు. ఇరుసును దొర్లించి "చూడండి సార్" అన్నాను. నున్నగా దొర్లాల్సింది కుంటుతూ పోయింది, కుంటినప్పుడల్లా మధ్యలో బండకూ ఇరుసుకూ సందు కనిపించి మూసుకుంది. ఆయన వంగి, కళ్లద్దాలు పైకి నెట్టుకుని రెండుసార్లు మళ్లీ దొర్లించారు.

ఇరుసు వంగిందంటే అది ఆయన తప్పు కాదు, ఆ రకం హబ్బు తీరు. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగ్ ఫ్రీవీల్‌కు లోపలివైపు ఉండిపోతుంది. అక్కణ్నుంచి ఫ్రేమ్ దాకా మూడున్నర, నాలుగు సెంటీమీటర్ల ఇరుసుకు ఏ ఆసరా లేదు. గుంటలో పడ్డ ప్రతిసారీ 98 కిలోలు ఆ కొస మీద ఊగుతాయి. ఇరుసు వంగితే కోన్‌లు, అంటే బేరింగ్ గుండ్లను లోపలివైపు నుంచి పట్టే మరబిళ్లలు, వంకరపోతాయి, గుండ్లు గాడిలో గుంటలు పెడతాయి, చక్రం ఊగుతుంది, ఆ ఊపు మళ్లీ స్పోకులకే. ఇంకో రకం ఫ్రీహబ్. అందులో ఫ్రీగా తిరిగే భాగం హబ్బులోనే ఉంటుంది, క్యాసెట్ అనే ఉత్త గేర్ల గుత్తి దాని మీద ఎక్కుతుంది. ఆ రకంలో కుడి బేరింగ్ బయటి కొసకు, ఫ్రేమ్ పక్కకు జరిగి ఉంటుంది. అందుకే రెడీమేడ్ జత వద్దన్నాను. కొత్త చక్రంలోనూ అదే రకం ఇరుసు వస్తుంది, ఆర్నెల్లకు మళ్లీ ఇదే బండ మీద దొర్లిస్తాం.

రిమ్‌లో కూడా రెండు నిపుల్ రంధ్రాల చుట్టూ వెంట్రుకంత పగుళ్లు. గోరు పెడితే తగులుతోంది. అది సింగిల్ వాల్ రిమ్. టైరు తీసి లోపలికి చూస్తే నిపుల్ తల బయటి రేకు మీదే కనిపిస్తే సింగిల్, పై రేకులో పెద్ద రంధ్రం, దాని అడుగున ఎక్కడో నిపుల్ ఉంటే డబుల్. దాంతో ఈ చక్రంలో దాచుకోవాల్సింది ఏమీ మిగల్లేదు.

డబ్బు ఎటు పోయింది

హబ్ విషయంలో బేరమాడొద్దన్నాను. పెద్ద కంపెనీ ఎంట్రీ లెవెల్ ఫ్రీహబ్, 32 రంధ్రాలు, 135 మి.మీ., క్విక్ రిలీజ్, 1,800. గుండ్లూ కోన్‌లూ ఉన్న పాత పద్ధతి బేరింగే. సీల్డ్ బేరింగ్ హబ్ కూడా అదే ధరకు దొరుకుతుంది, లూధియానా వైపు నుంచి వచ్చేవి. కొన్ని బాగానే ఉంటాయి, కొన్నింటికి లోపలి పాల్స్ (తొక్కినప్పుడు చక్రాన్ని పట్టే పళ్లు) ఆరు నెలల్లో జారడం చూశాను. ఏది ఎలాంటిదో డబ్బా మీద రాసి ఉండదు కాబట్టి, గ్రీజు పెట్టుకుంటూ పదేళ్లు నడిపే రకమే నాకిష్టం.

ఫ్రీహబ్ అంటే ఫ్రీవీల్ పనికిరాదు, క్యాసెట్ కావాలి. "మరి ఎనిమిది గేర్లకు పోదామా?" అని ఆశపడ్డారు. పోతే షిఫ్టర్ కూడా మార్చాలి, కేబుల్ మార్చాలి, లెక్క తొమ్మిది వేలు దాటుతుంది. షిమానో హెచ్‌జీ ఫ్రీహబ్ 8, 9, 10 స్పీడ్ క్యాసెట్ల కోసం చేసింది. అందులో వెనక 4.5 మి.మీ. స్పేసర్ ఒకటి వేస్తే ఏడు స్పీడ్ క్యాసెట్ సరిగ్గా కూర్చుంటుంది. పళ్లచక్రాల మధ్య దూరం పాత ఫ్రీవీల్‌లో ఉన్నంతే కాబట్టి షిఫ్టర్‌కు తేడా తెలియదు. అరవై రూపాయల స్పేసర్ రెండు వేలు మిగిల్చింది. పైగా పాత ఫ్రీవీల్‌లో చిన్న చక్రానికి 14 పళ్లుంటే క్యాసెట్‌లో 12. ఉప్పల్ రోడ్డు మీద దిగుడులో ఇంకాస్త తొక్కడానికి దొరుకుతుంది.

ఇంకో మెలిక రోటర్. పాతది ఆరు బోల్టులది, ఈ హబ్ సెంటర్‌లాక్, అంటే బోల్టులు లేకుండా ఒకే రింగుతో రోటర్ బిగించే రకం. మధ్యలో అడాప్టర్ పెట్టొచ్చు, కానీ పాత రోటర్ ఎలాగూ అరిగి అంచు పదునెక్కింది. కొత్తది 650.

రిమ్ దగ్గర మాత్రం ఆయన్ను వెనక్కి లాగాను. ఆయనకు 30 మి.మీ. లోపలి వెడల్పున్న ట్యూబ్‌లెస్ రిమ్ మీద మోజు, 3,400. ఆ రిమ్ మంచిదే. కానీ ఈ సైకిల్ మీద ఉన్నది 2.1 టైరు. అంత వెడల్పు మీద ఎక్కిస్తే టైరు నెత్తి చదునై, పక్కలు బయటికి తేలి రాళ్లకు కోసుకుంటుంది. అప్పుడు టైర్లు, వాల్వులు, టేపు, రంధ్రాలు పూడ్చే ద్రవం (సీలెంట్) అన్నీ కొనాలి. ఆయన ట్యూబ్‌లెస్ కోరిక వెనక కారణం మాత్రం న్యాయమైనదే. మన ఊరి శివార్లలో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు ఎవరినీ వదలవు. దానికి వాల్వ్ కోర్ విప్పగలిగే మోటు ట్యూబులో సీలెంట్ పోస్తే ముప్పాతిక బాధ తీరుతుంది, అది తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు.

కోఠిలో తెలిసిన దుకాణంలో డబుల్ వాల్, లోపల 23 మి.మీ., 32 రంధ్రాల రిమ్ 1,250కి దొరికింది. ఈ బరువుకు 36 రంధ్రాలైతే ఇంకా హాయి, కానీ ఆ సైజులో ఆ రోజు దొరకలేదు. ఉత్త రిమ్మును ఎప్పుడూ చదును బండ మీద పెట్టి చుట్టూ వేలితో నొక్కి చూడాలి. మొదట ఇచ్చింది ఒకచోట టకటకమని లేచింది, మార్చుకున్నాను. స్పోక్ టెన్షన్‌తో వంకర రిమ్మును నిటారుగా చేయొచ్చు, కానీ అలా చేస్తే కొన్ని స్పోకులు బిగిసీ కొన్ని సడలీ ఉంటాయి. మన రోగమే అది.

స్పోకులు స్టెయిన్‌లెస్, 14 గేజ్, అంటే 2 మి.మీ. మందం, ఒక్కోటి ఇత్తడి నిపుల్‌తో కలిపి 18 రూపాయలు. నడుమ సన్నబడి 1.8 ఉండే రకం అలసటను ఇంకా బాగా ఓర్చుకుంటుంది, కానీ ధర మూడు రెట్లు పైన. కొనేటప్పుడు ఒకాయన అయస్కాంతం పెట్టి "అంటుకుంటుంది, స్టెయిన్‌లెస్ కాదు" అని గొడవ పడుతున్నాడు. చల్లగా లాగి తీగ చేసిన స్టెయిన్‌లెస్ కొద్దిగా అంటుకుంటుంది. దాన్ని బట్టి తేల్చలేం.

రిమ్ కొలత

పొడవు సరిగ్గా లేని స్పోక్ ఎంత మంచిదైనా దండగే. లెక్కకు నాలుగు కొలతలు కావాలి: హబ్ అంచులో రంధ్రాల వృత్తం వ్యాసం, మధ్య నుంచి ఎడమ అంచు దూరం, కుడి అంచు దూరం, రిమ్‌లో నిపుల్ కూర్చునే చోటి వ్యాసం. ఈ చివరిదాన్ని ఈఆర్‌డీ అంటారు. దుకాణదారు ఫోన్‌లో చూసి 558 అన్నాడు.

నేను ఎవరి మాటా నమ్మను, ఇందులో మాత్రం. రెండు పాత స్పోకులు, నిపుల్‌తో కలిపి సరిగ్గా 200 మి.మీ. ఉండేలా కత్తిరించి దాచుకున్నాను. వాటిని రిమ్‌లో ఎదురెదురు రంధ్రాల్లోంచి లోపలికి దించి, రెండు కొసల మధ్య స్కేలు పెట్టాను. 162. రెండు వందలు, రెండు వందలు, నూట అరవై రెండు: 562. పక్కకు పావు వంతు జరిపి ఇంకో జత రంధ్రాల్లో కొలిచాను, మళ్లీ 562.

హబ్ వృత్తం 58, ఎడమ అంచు 34, కుడి అంచు 20.5. 32 స్పోకులు, మూడు దాట్ల అల్లిక, అంటే ప్రతి స్పోకూ ఇంకో మూడింటిని దాటుతుంది. లెక్క కడితే ఎడమ 272, కుడి 270.7 వచ్చింది. కుడివైపుకు 270 తీసుకున్నాను. ఆ 558 నమ్మి ఉంటే ప్రతి స్పోకూ 2 మి.మీ. పొట్టిగా వచ్చేది. బిగించేటప్పుడు ఏమీ తెలీదు. నిపుల్ తలలోకి మర ఎక్కకుండా దాని మెడ దగ్గరే ఆగిపోతుంది, ఏదో ఒక గుంటలో నిపుల్ తల ఊడిపోతుంది.

అదే కొలతల్లో ఇంకో సంగతి దాగి ఉంది. కుడి అంచు మధ్యకు దగ్గర, ఎడమది దూరం. రిమ్ మధ్యలో నిలవాలంటే రెండు వైపుల లాగుడూ సమం కావాలి. కాబట్టి ఎడమ స్పోకుల బిగువు కుడివాటిలో 20.5 బై 34 వంతు, అరవై శాతం. కుడి 110 అయితే ఎడమ 66. కుడివైపు 70కే వదిలేసిన చక్రంలో ఎడమవైపు 42. అంత వదులు స్పోకులు చక్రాన్ని పట్టుకోవు, ఊగుతాయి.

అల్లిక

పెద్దగా చెప్పేదేమీ లేదు, రెండు గంటల పని. నాకు వచ్చిన క్రమం నాకు అలవాటు. చెప్పాల్సినవి రెండు మాత్రం ఉన్నాయి. స్పోక్ వంపు హబ్ అంచుకు అతుక్కుని కూర్చోవాలి. సందుంటే బొటనవేలితో నొక్కి అంచు మీదికి వంచాలి, అప్పటికీ ఉంటే సన్నని వాషర్ వేయాలి. రెండోది, బిగువు ఎక్కించాక పక్కపక్క స్పోకుల్ని జతలుగా చేత్తో గట్టిగా పిండాలి. చిటచిటమని చప్పుడొస్తుంది. మెలిక పడ్డ స్పోకులు సర్దుకుంటాయి, వంపులు తమ చోట్లో కూర్చుంటాయి. ఆ చప్పుడు షాపులో రాకపోతే రోడ్డు మీద వస్తుంది, చక్రం సడలుతుంది. పిండి, బెండు చూసి, మళ్లీ పిండి, ఇలా మూడుసార్లు. చివరికి కుడివైపు 108 నుంచి 114, ఎడమ 62 నుంచి 70, పక్కకు ఊపు అర మిల్లీమీటరు లోపు.

ముందు చక్రాన్ని కూడా విప్పాను. ఇరుసు నిటారుగా ఉంది. 3/16 గుండ్లు కొత్తవి వేసి, ఎడమ కోన్‌లో చిన్న గుంట ఉంటే అదే పెట్టి కాస్త వదులుగా సర్ది, స్పోకులన్నీ ఒక్క తీరుగా బిగించాను. ముందు చక్రం రెండు వైపులా దాదాపు సమానంగా ఉంటుంది, బరువు తక్కువ మోస్తుంది. చౌక చక్రమైనా అక్కడ చాలాకాలం బతుకుతుంది.

లెక్క ఇలా తేలింది: హబ్ 1,800, రిమ్ 1,250, అదనంగా నాలుగు కలుపుకుని 36 స్పోకులు 648, క్యాసెట్ 850, స్పేసర్ 60, రోటర్ 650, రిమ్ టేప్ 80, అల్లిక కూలి 900, ముందు చక్రం సర్వీస్ 400. మొత్తం 6,638. కాగితం మీద రాసిచ్చి, ఏడు వేల లోపే చేశానని కాస్త గర్వంగానే ఉన్నాను.

మర్నాడు ఆయన షాపు ముందే ఒక రౌండ్ వేసి వచ్చారు. "అన్నా, గట్టిగ తొక్కితే టక్కుమని జారుతుంది." చైను. నాలుగైదేళ్ల పాత చైను సాగిపోయి ఉంది, పాత పళ్లతో పాటు అరిగింది కాబట్టి అక్కడ కుదిరింది, కొత్త పళ్ల మీద ఎక్కి జారుతోంది. గేజ్ పెట్టి చూడటం అర నిమిషం పని. చక్రం ధ్యాసలో పడి నేను చూడనే లేదు. కొత్త చైను 450, మొత్తం 7,088. ఏడు వేలే తీసుకున్నాను. ఎనభై ఎనిమిది రూపాయలకు నేర్చుకున్నది, ఇప్పుడు ఫ్రీవీల్ గానీ క్యాసెట్ గానీ మార్చే ప్రతి ఎస్టిమేట్‌లో చైను గేజ్ అంకె మొదట రాస్తున్నాను.

తర్వాత

అరవై కిలోమీటర్లు తిరిగి రమ్మన్నాను. ఇది చాలామంది ఎగ్గొడతారు. ఆయన వచ్చారు. కుడివైపు రెండు స్పోకులు 98కి దిగాయి, రిమ్ రెండుచోట్ల అర మిల్లీమీటరు పక్కకు పోయింది. పది నిమిషాల్లో సరిచేశాను, డబ్బు తీసుకోలేదు. అది అల్లిక కూలిలోనే ఉంది.

వానాకాలమంతా పెద్దగా రాలేదు. నవంబరులో ట్యూబ్ కోసం వస్తే ఊరికే మీటర్ పెట్టి చూశాను. సైకిల్ కిలోమీటర్ల మీటరులో కొత్త చక్రం వేశాక 1,700 కిలోమీటర్లు, అందులో అనంతగిరి ఆరుసార్లు. కుడివైపు 105 నుంచి 112. ఒక్క స్పోకూ తెగలేదు. ఇరుసు తీసి బండ మీద దొర్లించమని ఆయనే అడిగారు. దొర్లించాను, నున్నగా వెళ్లి గోడకు తగిలి ఆగింది.

ఇంకో మార్గం ఉండేదా? ఉండేది. ఆయన బరువు డెబ్బై అయితే పాత హబ్బే ఉంచి, కొత్త ఇరుసు, కోన్‌లు, డబుల్ వాల్ రిమ్, స్పోకులతో మూడు వేల లోపు ముగించేవాణ్ని. బడ్జెట్ పన్నెండు వేలైతే రెడీమేడ్ మంచి జత కొనిపించి కొన్న రోజే టెన్షన్ చూసేవాణ్ని. ఏప్రిల్‌లోనే మీటర్ పెట్టి, అన్ని స్పోకులూ సరైన బిగువుకు తెచ్చి ఉంటే పాత చక్రం ఇంకో ఏడాది లాగేదేమో కూడా. ఇరుసు మాత్రం వంగేది.

ముందు చక్రంలో ఆ ఎడమ కోన్ గుంట ఇప్పుడు కొంచెం పెరిగింది, తిప్పితే వేలికి గరగరమని తెలుస్తోంది. కొత్త కోన్ 40 రూపాయలు. సంక్రాంతికి ఊరెళ్లే ముందు సైకిల్ వదిలి వెళ్లమన్నాను.